జంగయ్య పేనిన మోకులు

జంగయ్య పడ్డ చెట్టు పెద్దదేమీ కాదు. ఈ మాట ఆయనే కనబడ్డవాళ్లందరికీ చెప్పుకునేవాడు. ఆయన వంతుకొచ్చిన తాటిచెట్లలో తలెత్తి చూస్తే మెడ పట్టేసేంత ఎత్తున్నవి ఉన్నాయి. గాలి లేచిన రోజు అవి పైన ఊగుతుంటే, కింద కల్లు కుండ లొట్టి పట్టుకుని నిలబడ్డవాళ్లకే కళ్లు తిరిగేవి. వాటన్నిటినీ పొద్దున ఒకసారి, పొద్దు వాలినంక ఒకసారి ఎక్కి దిగినవాడు, చేను గట్టు మీద ఎదుగూ బొదుగూ లేకుండా నిలబడ్డ ఒక పొట్టి చెట్టు మీది నుంచి పడ్డాడు. పెద్ద చెట్టయితే ఒక్క దెబ్బకు ఖతం చేసేది, ఇది చేతకానిది కాబట్టి నడుము దాకానే చంపి వదిలేసింది అనేవాడు. వినేవాళ్లు మొహం పక్కకు తిప్పుకునేవాళ్లు.

ఊరు మోతెకు దగ్గర. ఏడాది, రజాకార్ల ఆగడాలు ముదిరిన ఏడాది. పొద్దున్నే మంచు కురిసి, చెట్ల బోదెలు తడిగా ఉన్న మాఘమాసం.

తాటిచెట్టు ఎక్కేవాడికి మోకే పాణం. నారతో పేనిన లావుపాటి తాడు అది. చెట్టునూ నడుమునూ కలిపి చుట్టుకుని, వెనక్కి వాలి, బరువంతా దాని మీద వేసి పైకి పాకుతారు. చెట్టు కొసన మట్టలు మొలిచే మొవ్వు దగ్గరికి చేరాక మోకు సడలించి, మట్ట మీద కాలు పెట్టి, గెల వైపు వంగుతారు. ఆ రోజు జంగయ్య కాలు పెట్టిన మట్ట విరిగింది. మోకు తెగలేదు, జారలేదు. పాపం దానిదేమీ లేదు. కాని నడుముకు వేలాడుతూ ఆయనతో పాటు కింద పడింది కదా, ఊరికి అదే చాలు. విరిగిన మట్టను ఎవరూ గుర్తుపెట్టుకోలేదు, మోకును మాత్రం అందరూ గుర్తుపెట్టుకున్నారు.

పక్క చెట్టు గీస్తున్న తమ్ముడు ఉప్పలయ్య జారుకుంటూ దిగి వచ్చాడు. కల్లు మోసుకుపోవడానికి వచ్చిన భార్య బుచ్చమ్మ కుండ కింద పడేసి పరిగెత్తింది. జంగయ్య వెల్లకిలా పడి ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి, మాట కూడా బాగానే ఉంది. కాళ్లల్లో చీమలు పాకుతున్నట్టు ఉందన్నాడు.

అక్కడ కల్లు గీసేవాళ్లలో ఒక పద్ధతి ఉంది. పడ్డవాణ్ని పడ్డచోటనే లేపి నిలబెట్టి, ఏ చెట్టు మీది నుంచి పడ్డాడో ఆ చెట్టునే కావలించుకునేటట్టు చేయాలి. లేకపోతే చెట్టు భయం గుండెలో కూర్చుంటుంది, వాడు జన్మలో మళ్లీ ఎక్కలేడు. తాతలనాటి పద్ధతి. ఎవడు మొదలుపెట్టాడో గాని వాడి నడుము ఎప్పుడూ విరిగి ఉండదు. తమ్ముడు ఒక చంక కింద, భార్య ఒక చంక కింద చేతులేసి జంగయ్యను లేపారు. నడుములో ఏదో కలుక్కుమంది. ఛాతీని చెట్టుకు ఆనించి, చేతులు రెండూ బోదె చుట్టూ వేయించారు. ఉప్పలయ్య గీసేవాళ్ల దేవుడు కాటమయ్యకు మొక్కుకున్నాడు. మళ్లీ పడుకోబెట్టేసరికి చీమలు పాకడం ఆగిపోయింది. కాళ్లల్లో ఇగ ఏం నొప్పి లేదని జంగయ్య చెప్పాడు. దేవుడు చల్లగా చూశాడని అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఉప్పలయ్య మోకును చేత్తో ముట్టలేదు. ఒక కర్ర ముక్కతో ఎత్తి తుమ్మ పొదలోకి విసిరేశాడు. పడ్డవాడి మోకును ఎవరూ ముట్టరు. పడిన పాటు దాన్ని అంటుకుని ఉంటుందని వాళ్ల భయం.

కాళ్లు ఇక కదలవని తెలియడానికి కొన్నాళ్లు పట్టింది. ముందు ఎముకలు కట్టేవాణ్ని పిలిచారు. వాడు కాళ్లు పట్టుకుని లాగి, పసరు పోసి, వెదురు బద్దలు కట్టిపోయాడు. సూర్యాపేట తీసుకుపోదామంటే ఆ గడబిడల్లో సడక్ మీద బండి కట్టేవాడు లేడు. చివరికి మిర్యాలగూడలో క్రైస్తవుల చిన్న దవాఖాన ఒకటుందని, అక్కడి కాంపౌండర్ దేవసహాయం చేతి చలువ మంచిదని ఎవరో చెప్పారు. అడ్డదారిన ఎడ్లబండిలో గడ్డి మీద వేసి తీసుకుపోయారు. బండి ఎగిరినప్పుడల్లా బుచ్చమ్మ దేవుడి పేరు తలుచుకునేది. జంగయ్యకు ఎగిరినట్టు భుజాలకే తెలిసేది.

దేవసహాయం నెత్తి నెరిసిన మనిషి, నెమ్మదిగా మాట్లాడేవాడు. ఒక మధ్యాహ్నం జంగయ్య నిద్రపోతున్నాడనుకుని, కిటికీ అవతల వరండాలో బుచ్చమ్మతో మాట్లాడాడు. జంగయ్య నిద్రపోలేదు. కళ్లు మూసుకుని విన్నాడు. కాళ్లు రావని, వస్తాయని ఎవరైనా చెప్తే నమ్మి తిరగొద్దని చెప్పాడు. పక్కకు తిప్పి పడుకోబెట్టడం, పుండ్లు పడకుండా కడగడం, మూత్రం ఆగిపోతే రబ్బరు గొట్టం ఎట్లా పెట్టాలో అన్నీ చెప్పాడు. ఎట్లా పడ్డాడో, ఎవరు లేపారో అడిగాడు. బుచ్చమ్మ చెట్టును ముట్టించిన సంగతి చెప్పింది.

"లేపకుండా తలుపుచెక్క మీద పడుకోబెట్టి తెచ్చి ఉంటే..." అని దేవసహాయం మొదలుపెట్టి ఆపేశాడు. "పోనీలేమ్మా, మీకేం తెలుసు."

బుచ్చమ్మ లోపలికి వచ్చినప్పుడు మొహం కడుక్కుని వచ్చింది. కాంపౌండర్ మంచిగైతదన్నడు అని చెప్పింది. జంగయ్య సరే అన్నాడు. తాను విన్నట్టు ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పి ఏం చేయాలి? లేపిన చేతులే కదా ఇప్పుడు తనను కడుగుతున్నవి. ఆ చేతులను ఏమనడానికి నోరు రాలేదు.

ఇంటికి తెచ్చి పంచలో నులక మంచం మీద వేశారు. మంచం నడుమ నులక కోసి కన్నం చేశారు, ఎందుకో చెప్పనక్కరలేదు. కట్టుకున్న బట్ట తడిసినా ఖరాబైనా ముక్కుతోనే తెలియాలి తప్ప ఒంటికి తెలియదు. బుచ్చమ్మ వచ్చి దుప్పటి ఎత్తినప్పుడల్లా జంగయ్య గోడ వైపు మొహం తిప్పుకునేవాడు. పెళ్లయిన కొత్తలో ఆమె ముందు ఒళ్లు చూపించుకుని గర్వపడిన మగవాడు, ఇప్పుడు అదే ఒంటిని దాచుకుందామంటే దాచుకునే దిక్కు లేక పడి ఉన్నాడు. ఒకరోజు ఆమె లేకపోతే ముసలితల్లి ఆ పని చేసింది. చిన్నప్పుడు చేసినదే కదా బిడ్డా అని నవ్వబోయి ఏడ్చింది. ఆ పూట జంగయ్య అన్నం ముట్టలేదు.

మొదట్లో జనం వచ్చేవాళ్లు. పంచ నిండేది. చెట్ల ముచ్చట్లు, దొరల మీద తిరగబడ్డ సంఘం ముచ్చట్లు, రజాకార్లు ఏ ఊరి మీద పడ్డారో ఆ ముచ్చట్లు. పోను పోను వాసనకో, విసుగుకో రావడం తగ్గించారు. వచ్చినవాళ్లు కూడా ఆయనతో కాకుండా ఆయన మీదుగా మాట్లాడుకునేవాళ్లు. ఉప్పలయ్య అన్న చెట్లు కూడా గీస్తున్నాడు. పొద్దున లొట్లు మోసుకుని పంచ ముందు నుంచి పోతుంటే పులిసీ పులవని కల్లు వాసన వచ్చేది. జంగయ్య ఊపిరి బిగపట్టేవాడు.

గీత కత్తి పంచ గోడకు కొయ్య మేకుకు వేలాడుతుండేది. తీసి దాచమని బుచ్చమ్మకు ఎవరూ చెప్పలేదు, ఆమెకు తట్టలేదు. ఒకటి రెండుసార్లు జంగయ్య ఆ కత్తి జర ఇయ్యి, గోర్లు తీసుకుంట అని అడిగాడు. ఆమె గోర్లు తానే తీసింది.

భాద్రపదంలో యూనియన్ పటాలాలు కోదాడ మీదుగా సూర్యాపేట వైపు వస్తున్నాయని కబురు తెలిసింది. ఊరు ఊరంతా సడక్ మీదికి పరిగెత్తింది. ముసలితల్లిని కూడా ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకుపోయారు. చూసి ఇప్పుడే వస్తానని బుచ్చమ్మ కూడా పోయింది. ఆమెను తప్పుపట్టలేం. ఎన్నాళ్లుగానో ఆ పంచ తప్ప మరొకటి ఎరుగదు. జంగయ్య ఒక్కడే మిగిలాడు. దూరంగా పెద్ద బండ్ల మోత వినబడుతోంది. మంచం పట్టెను పట్టుకుంటే అరచేతికి అదురు తెలుస్తోంది. రజాకార్ల పీడ పోయిందని ఊరంతా సంబరపడుతుంటే, తన పీడ ఎప్పుడు పోతుందో ఆయనకు ఆ క్షణాన స్పష్టంగా తోచింది.

చేతుల మీద బరువేసి మంచం మీది నుంచి కింద పడ్డాడు. మోచేతులతో పాకుతూ గోడ దాకా పోయాడు. కాళ్లు వెనక ఎవరివో మూటల్లా ఈడ్చుకుంటూ వచ్చాయి. కత్తి మేకు మనిషి ఛాతీ ఎత్తులో ఉంది, అంతకన్నా ఎక్కువ లేదు. చెయ్యి చాపాడు, అందలేదు. గోడకు భుజం ఆనించి మళ్లీ చాపాడు. వేళ్లు గోడ మట్టిని గీరాయి. తాటిచెట్ల మొవ్వుల్లో కూర్చుని మూడూళ్లు చూసినవాడికి, కొయ్య మేకు అందలేదు.

బుచ్చమ్మ వచ్చేసరికి గోడ కింద బోర్లా పడి ఉన్నాడు. గోడ మీద వేళ్ల గీతలు చూసింది, పైన కత్తి చూసింది. ఆయన తలను ఒళ్లోకి తీసుకుని చాలాసేపు కూర్చుంది. మర్నాడు కత్తిని తీసుకుపోయి ఉప్పలయ్యకు ఇచ్చేసింది. ఆ వారంలోనే, సడక్ నిమ్మళించగానే, ఒక్కతే మిర్యాలగూడ పోయి దేవసహాయాన్ని కలిసి వచ్చింది.

వచ్చి, మంచం పక్కన కూర్చుని చెప్పింది. మనిషికి ఒంట్లో సగం చచ్చినా, మిగిలిన సగానికి పని లేకపోతే అది తిరిగి మనసునే తింటుందని కాంపౌండర్ అన్నాడట. జంగయ్య చేతులకు వచ్చిన పని ఏదైనా ఉందా అని అడిగాడట.

"మోకులు పేనుతడని చెప్పిన" అంది.

జంగయ్య నవ్వాడు. ఆ నవ్వు మంచిది కాదు. కాని ఆమె చెప్పింది అబద్ధం కాదు. పడకముందు ఆ చుట్టుపక్కల మోకు అంటే జంగయ్య పేనిందే. నార తడిపి, దంచి, దువ్వి, పోగుకు పోగు సరిచూసి మెలిపెడితే రోకలిలా గట్టిగా వచ్చేది. సగం ఊరు ఆయన మోకుల మీదనే పైకెక్కి దిగింది. ఆయన మోకు తెగి పడ్డవాడు ఒక్కడూ లేడు. ఆ మాట జంగయ్య మనసులో రెండు రోజులు తిరిగింది. మూడోనాడు తమ్ముణ్ని పిలిచి నార తెమ్మన్నాడు.

ఉప్పలయ్య సంతోషంగా తెచ్చి పడేశాడు. అన్న మళ్లీ మనుషుల్లో పడుతున్నాడని అందరికీ చెప్పుకున్నాడు. జంగయ్య మంచం కోడుకు ఒక కొన కట్టుకుని, గోడకు ఆనుకుని మొదలుపెట్టాడు. తొందరపడలేదు. ఒక పోగు నచ్చకపోతే విప్పి మళ్లీ పేనాడు. అరచేతుల్లో పాత కాయలు మెత్తబడిపోయాయి కదా, బొబ్బలెక్కాయి. ఆ బొబ్బల మంట ఆయనకు ఎంత ఇష్టమైందో చెప్పలేను. నొప్పి పుట్టే చోటు ఒంట్లో ఇంకా మిగిలి ఉందని తెలిసింది. రెండు పూటలా తిన్నాడు. తల్లిని ఆటపట్టించాడు. బుచ్చమ్మ దుప్పటి ఎత్తితే గోడ వైపు తిరగకుండా, ఆ వైపు నార జర ఇటు అందియ్యి అన్నాడు.

మోకు పూర్తయింది. కొత్త మోకు ముడికి పసుపు రాసి కాటమయ్యకు చూపించడం ఆనవాయితీ. బుచ్చమ్మ పసుపు తడిపి ఇచ్చింది. జంగయ్య ముడి నిండా దట్టంగా రాసి, కళ్లకద్దుకుని, ఉప్పలయ్యను పిలిచాడు.

ఉప్పలయ్య పంచ గుంజ దగ్గరే నిలబడ్డాడు. మోకును చూశాడు గాని చెయ్యి చాపలేదు. మంచిగ పేనినవ్ అన్నా అన్నాడు. తీసుకోమంటే కాళ్ల వైపు చూసుకున్నాడు. పెద్దమనుషులు వద్దంటున్నారని, పడ్డవాడి చేతి మోకు కూడా పడ్డవాడి మోకే అంటున్నారని, తన పిల్లలు చిన్నవాళ్లని ఒక్కో ముక్కా మింగుతూ చెప్పాడు. పాపం, అన్నను నొప్పించడం ఇష్టం లేనివాడే. ఏదో ఒకటి చేయాలని తోచి, చివరికి ఆ మాట అననే అన్నాడు.

"బర్రెను కట్టేసుకుంట, ఇయ్యి అన్నా."

జంగయ్య ఇవ్వలేదు. తమ్ముడు పోయాక మోకును ఒళ్లో పెట్టుకుని దానితో వాదించాడు. తుమ్మ పొదలో పారేసింది తనతో పాటు పడింది. ఇది ఏ చెట్టూ ఎక్కలేదు, ఏ చెట్టు మీది నుంచీ పడలేదు. పేనిన చేతులు పడలేదు, పడింది నడుము. అట్లా వాదిస్తుంటే ఒక పాత సంగతి అడ్డం వచ్చింది. తాను మీసాలు రాని వయసులో, పాలకీడు వైపు నుంచి వచ్చిన ఒక కుంటి ముసలాయన, ఎప్పుడో చెట్టు మీది నుంచి పడ్డవాడట, మోకు పేని తెచ్చి ఇవ్వబోతే, జంగయ్యే దాన్ని కర్రతో ఎత్తి పొయ్యిలో పెట్టాడు. ముసలాయన కుంటుకుంటూ పోయాడు. జంగయ్య ఆ జ్ఞాపకాన్ని పక్కకు నెట్టేశాడు. అప్పుడు తెలివి లేదనుకున్నాడు.

మళ్లీ అన్నం మానేస్తాడని భయపడి బుచ్చమ్మ ఆ పూటే చెప్పింది.

"మా అమ్మగారి ఊరు కోదాడ అవతల. ఆ పక్కూళ్లల్ల మనల ఎవ్వలెరుగరు. నేను కొంటవోత."

పోయింది. నాలుగు రోజులకు నెత్తి మీద వడ్ల మూటతో, చంకలో నార కట్టతో తిరిగొచ్చింది. మోకు ఒకాయన తీసుకున్నాడని, వడ్లు ఇచ్చాడని చెప్పింది. పేరు శంకరయ్య. ముక్కు మీద పెద్ద పుట్టుమచ్చ ఉందట. చెరువు కట్ట అవతల ఆయన చెట్లట. మోకును లాగి చూసి, ఇనుములాగ ఉన్నదన్నాడట. ఇంకొకటి కావాలన్నాడట.

ఆ రోజు జంగయ్య మొహం చూస్తే, కాళ్లు వచ్చినా అంత వెలగదు అనిపించేది.

శీతాకాలం, ఎండాకాలం ఆయన శంకరయ్యతోనే బతికాడు. మంచం మీద పేనుతున్నది ఈయన, కోదాడ అవతల చెట్టెక్కుతున్నది ఆయన. పొద్దున కళ్లు తెరవగానే, ఈపాటికి ఎక్కి ఉంటడు అనుకునేవాడు. గాలివాన వస్తే శంకరయ్య గురించి దిగులుపడేవాడు. బుచ్చమ్మ తిరిగొచ్చిందంటే కాళ్లు కడుక్కోనిచ్చేవాడు కాదు. లావుగా ఉంటాడా, సన్నగా ఉంటాడా? లావైతే ఈసారి ఇంకో పేట వేయాలి. ఆయన గీసేవి పోతుతాళ్లా, కాయ కాసే పండుతాళ్లా? పిల్లలెంతమంది? బుచ్చమ్మ అన్నిటికీ జవాబు చెప్పేది, కొంచెం ఆలోచించి. శంకరయ్య ద్వారా అక్కడివాళ్లు ఇంకొందరు కూడా తీసుకుంటున్నారని చెప్పింది. ఆమె పోయిన రోజుల్లో తల్లి చూసుకునేది. తల్లికి ఆయనను పక్కకు తిప్పే బలం లేదు. వీపు కింద పుండ్లు పడ్డాయి, లోతుకు పోయాయి. అప్పుడప్పుడు చలిజ్వరం వచ్చేది. వణుకుతూనే పేనేవాడు. ఇచ్చిన మాట తప్పకూడదు, శంకరయ్య ఎదురుచూస్తుంటాడు అనేవాడు.

నార మాత్రం ఆయనకు నచ్చేది కాదు. కొత్త నార బిరుసుగా ఉంటుంది, వేళ్లను ఎదిరిస్తుంది. బుచ్చమ్మ తెచ్చేది మెత్తగా, తడవకముందే వంకర్లు తిరిగి, తానే మెలిపడిపోతున్నట్టు ఉండేది. కోదాడ వైపు నార గింతే కావొచ్చు అనుకున్నాడు. పోగులు పొట్టివైపోతున్నాయని, మంచిది చూసి తెమ్మని ఒకసారి విసుక్కున్నాడు. ఆమె తలూపింది.

వానాకాలం మొదట్లో ఒకరోజు, ముసురు పట్టి, పంచలో వెలుతురు పలుచగా ఉంది. బుచ్చమ్మ ముందురోజే వచ్చింది. వాకిట్లో వడ్లు దంచుతోంది. జంగయ్య కొత్త నార కట్ట విప్పి పోగులు విడదీస్తున్నాడు. నడుమ ఒకచోట పోగులు పచ్చగా కనబడ్డాయి. చెద పట్టిందేమో అనుకుని దగ్గరికి తెచ్చుకుని చూశాడు. ఉమ్మి తడి చేసి రుద్దితే వేలికి పచ్చరంగు అంటింది. వాసన చూశాడు. పసుపు.

కట్టంతా మంచం మీద పరుచుకున్నాడు. పసుపు అంటిన పోగులన్నీ ఒకే చోట ఉన్నాయి, ముడి వేసిన చోట. ఆ పోగుల్లో తన బొటనవేలి మెలిక ఇంకా పోలేదు. అన్ని నెలలూ వేళ్లు చెప్తూనే ఉన్నాయి, ఆయన వినలేదు. తాను పేనిన మోకే అది. దాన్నే విప్పి తెచ్చింది. దీన్నే కాదు, దీనికి ముందుదాన్ని, దానికి ముందుదాన్ని. ఇన్ని నెలలూ ఆయన పేనింది ఒకే మోకు.

రోకటి పోటు వినబడుతోంది. జంగయ్య ఆ పోగులను పిడికిట్లో బిగించాడు. మొదట కోపం వచ్చింది, మొహం మీద ఉమ్మేయాలన్నంత కోపం. తర్వాత ఆమె గోళ్లు గుర్తొచ్చాయి. ఈ మధ్య ఎప్పుడూ విరిగి, చివర్లు చీలి ఉంటున్నాయి. చాకిరీ వల్ల అనుకున్నాడు. తాను బిగించి పేనిన మోకు విప్పడమంటే మాటలు కాదని ఆయన కన్నా ఎక్కువ ఎవరికి తెలుసు? తల్లిగారి ఇంటి వాకిట్లో కూర్చుని, పగలంతా కూలికి పోయి వచ్చి, గోళ్లతో, పళ్లతో విప్పి ఉంటుంది. ఆ వడ్లు కూడా కూలికి వచ్చినవే.

పిలిచాడు. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి, మంచం మీద పరిచిన నార చూసి నిలబడిపోయింది. ఆయన పసుపు అంటిన వేలు చూపించాడు.

"శంకరయ్య లేడా, బుచ్చీ?"

ఆమె మంచం పక్కన నేల మీద కూర్చుంది. ఏడవలేదు. ఇన్నాళ్ల బరువు దించుకున్నదానిలా నెమ్మదిగా చెప్పింది.

"ఉన్నడు. ముక్కు మీద మచ్చ కూడ నిజమే. మొదటి మోకు ఆయనే పట్టి సూసిండు. ఇనుములెక్క ఉన్నదన్నడు. ఎవలు పేనిండ్రని అడిగిండు."

"సెప్పినవా?"

"సెప్పిన. కింద పెట్టి, సేతులు కడుక్కున్నడు."

బయట ముసురు ఆగలేదు. జంగయ్య అడిగాడు. అక్కడ తననెవరూ ఎరుగరు. పడ్డ సంగతి ఎవరికీ తెలియదు. తెలియనివాళ్ల కోసమే కదా అంత దూరం పోయింది. ఒక్క అబద్ధం, తనకు ఇన్ని నెలలు చెప్పిన అబద్ధాల్లో ఒక్కటి శంకరయ్యకు చెప్పి ఉంటే ఏం పోయేది?

బుచ్చమ్మ ఆయన మొహంలోకి చూడలేకపోయింది.

"దాసి ఎట్ల ఇస్త? ఆయన పాణం దాని మీద ఉంటది గద. ఆయనకు పెండ్లాం పిల్లలున్నరు."

అంటే ఆమె కూడా నమ్ముతుంది. ఏడాదిగా తనను కడిగిన మనిషి, తన కోసం గోళ్లు విరగ్గొట్టుకున్న మనిషి, ఈ భూమ్మీద తనను ఇంకా మనిషిగా చూస్తున్న ఒకే ఒక్క మనిషి, ఆమె కూడా తన చేతుల్లో ఆ పాటు అంటుకుని ఉందనే నమ్ముతుంది. జంగయ్యకు లోపల మిగిలిన కాస్తా ఆ మాటతో చల్లారింది. అప్పుడు కుంటుకుంటూ పోయిన ముసలాయన మళ్లీ గుర్తొచ్చాడు. ఈసారి పక్కకు నెట్టలేదు. తనకు కాళ్లుండి, తానే ఆ చెరువు కట్ట అవతల నిలబడి ఉంటే, ఎవరో ఆడమనిషి పడ్డవాడు పేనిన మోకు తెచ్చి చేతికిస్తే ఏం చేసేవాడు? ఎంత వెతికినా ఒక్క జవాబే దొరికింది.

"మంచిపని చేసినవ్" అన్నాడు. "నేనైనా ఎక్కకపోదును."

చేతిలో ఉన్న పోగులు ఆమె ఒళ్లో పెట్టాడు. మంచం కోడుకు సగం పేనిన మోకు అట్లాగే కట్టి ఉంది. దాన్ని మళ్లీ ముట్టలేదు. అన్నం మానేశాడని కూడా అనలేం, పెడితే తిన్నాడు. పలకరిస్తే పలికాడు. తల్లితో పరాచికాలు ఆడలేదు, బుచ్చమ్మ దుప్పటి ఎత్తితే గోడ వైపు తిరగలేదు. పైకప్పు వైపు చూస్తూ పడుకునేవాడు. ఆమె కోదాడ పోవడం మానేసి అక్కడే ఉంది. ఒకరినొకరు మోసం చేసుకోవలసిన పని లేకపోయేసరికి ఇద్దరికీ మాటలు కూడా లేకపోయాయి. ఒక్కసారి మాత్రం, ఆమె పుండ్లు కడుగుతుంటే, ఆ రోజు చెట్టు కింద లేపినప్పటి సంగతి తనకు తెలుసునని చెబుదామని నోటిదాకా వచ్చింది. ఆమె వంగిన తల చూసి మింగేశాడు. తనకు తెలియదన్న ఆ అబద్ధం ఒక్కటే ఆమెకు మిగిలింది.

పుండ్లు ఎముక దాకా పోయాయి. దేవసహాయం ఇచ్చిన మందు అయిపోయింది, మళ్లీ తెస్తానంటే వద్దన్నాడు. కార్తీకంలో జ్వరం వచ్చి తగ్గలేదు. నాలుగోనాటి పొద్దున, ఉప్పలయ్య లొట్లు మోసుకుని పంచ ముందు నుంచి పోయే వేళకు, ప్రాణం పోయింది.

శవాన్ని దించడానికి మంచం జరపబోతే కోడుకు కట్టిన సగం మోకు అడ్డం వచ్చింది. జనం అంతా చుట్టూ నిలబడ్డారు గాని ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఉప్పలయ్య ఏడుస్తూనే పంచ చూరులోంచి ఒక కర్ర లాగి తెచ్చాడు. బుచ్చమ్మ ఆ కర్రను పక్కకు నెట్టింది. వంగి, ముడిని గోళ్లతో విప్పి, మోకును చేతికి చుట్టుకుంది. ముట్టకు వదినా, మంచిది కాదు అన్నాడు ఉప్పలయ్య.

"నాకెక్కే చెట్లు లెవ్వు" అంది ఆమె.